అత్త చెరపనివ్వని కాపీలు

మా అత్త కుర్చీలోంచి లేవకుండా, టీ తాగుతూ, పదకొండు వేల కాళ్ళు తెగిపోకుండా ఆపింది. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఖర్మ. నేను అక్కడే ఉన్నాను. చేతిలో పాలిష్ గుడ్డ ఉంది కాబట్టి చప్పట్లు కొట్టలేకపోయాను గానీ, కొట్టుంటే పక్క ఊళ్ళో పిల్లలు నిద్ర లేచేవాళ్ళు.

ముందు మా వర్క్‌షాపు సంగతి చెప్పాలి. కింద టైర్ల దుకాణం, పక్కన ఇనప మెట్లు, పైన రైలుపెట్టెలాంటి పొడవాటి గది. మేం చేసేది బూట్లు. అద్దాల వెనక దీపాల కింద కూర్చునే రకం కాదు. ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగైనవాళ్ళు, ఒక పాదం పడవలా, ఇంకోటి చేటలా ఉన్నవాళ్ళు డాక్టరు రాసిచ్చిన కొలత చీటీ పట్టుకుని మా మెట్లెక్కుతారు. వాళ్ళ బూటు ఐదు బల్లలు దాటాలి. కొలత బల్ల, కటింగ్ బల్ల, కుట్టు బల్ల, అడుగు బల్ల, పాలిష్ బల్ల. చివరిది నాది. నా చెయ్యి పడకుండా ఒక్క బూటూ ఆ మెట్లు దిగలేదు. నేను మెరిపించిన బూటులో మొహం చూసుకుని గడ్డం గీసుకున్న పెళ్ళికొడుకుని కూడా ఎరుగుదును.

ఐదు బల్లలూ దాటాక, తెరుచుకోని కిటికీకీ నీళ్ళ డ్రమ్ముకీ మధ్య ఒక మూల ఉంది. అక్కడ ఒక కంప్యూటరు, ఒక కుర్చీ, కుర్చీలో ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు, దిండు మీద మా నాన్న చెల్లెలు. నేను అత్తా అని పిలుస్తాను కాబట్టి వర్క్‌షాపంతా అత్తా అనే పిలుస్తుంది. యజమాని కూడా అంతే, మనసు బాగుంటే అత్తా, బాగోకపోతే మేడం. ఆయన నిక్కర్లు వేసుకునే రోజుల్లో వాళ్ళ నాన్న వేలు పట్టుకుని వర్క్‌షాపుకి వచ్చి, మా అత్త ఒళ్ళో కూర్చుని కీబోర్డు మీద బిస్కెట్టు పొడి పోసినవాడు. అందుకే ఆయన ఎంత పెద్దవాడైనా అత్త "బాబూ, నువ్వు" అనే అంటుంది.

అత్త మొదట కుట్టు బల్ల మీద ఉండేది. చూపు మందగించాక పాత యజమాని, అంటే ఇప్పటాయన నాన్న, ఆమెని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. అప్పటికి ఆమెకి కంప్యూటరు మూత ఎటు తెరుచుకుంటుందో తెలీదు. మూడో రోజుకి ఆ యంత్రమే ఆమెని అడిగి ఆవులించేది. కళ్ళద్దాలు ముక్కు మీదకి దించి ఒక్క చూపు చూస్తే చాలు, ఫైళ్ళు బళ్ళో పిల్లల్లా వరసలో నిలబడేవి. ఒకసారి కరెంటు పోతే, ఏ ఫైలు ఎక్కడుందో అత్త నోటితో చెప్తుంటే రోజంతా పని నడిచింది. ఇది మాత్రం అబద్ధం కాదు, అడుగు బల్ల తాతని అడగండి.

ఇప్పుడు అసలు మెలిక వినండి, ఇది తెలిస్తేనే మిగతాది తెలుస్తుంది.

పాత యజమాని ఒక నియమం పెట్టాడు. డాక్టరు రాసిన కొలత మీద ఎవ్వరూ చెయ్యి పెట్టకూడదు. "కొలత తప్పైతే డాక్టరు దిద్దుతాడు, బూటు తప్పైతే మనం దిద్దుకుందాం" అనేవాడు. కాబట్టి కస్టమరు ఫైలు పుట్టినప్పుడు ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండాలి. మరి బూటు ఎక్కడ దిద్దామో గుర్తెలా? దానికి అత్త ఒక పద్ధతి పెట్టింది. ఒక్కో బల్లకి ఒక్కో ఫోల్డరు. బూటు ఏ బల్ల మీదకి వెళ్తే, ఆ మనిషి ఫైలుకి ఒక కాపీ ఆ ఫోల్డర్లో పడుతుంది. బూటు తొడుక్కున్న మనిషి "కుదర్లేదండీ" అని తిరిగొస్తే, ఏ బల్ల మీద సరిచేశామో ఆ ఫోల్డర్లో ఇంకో కాపీ. అడుగు బల్లలో రెండు కాపీలు ఎక్కువున్నాయంటే అడుగులో రెండు తోలు పొరలు ఎక్కువ వేశామని. కుట్టు బల్లలో ఒకటి ఎక్కువుంటే వేళ్ళ దగ్గర ఒక వేలెడు వదులు చేశామని. ఎక్కడా ఒక్క ముక్క రాసుండదు. తెరిచి చూస్తే అన్నీ అచ్చంగా ఒకటే ఫైలు. ఏ గడపలో ఎన్ని ఉన్నాయన్నదే కబురు.

ఇరవై రెండేళ్ళు ఈ బండి ఇలాగే నడిచింది. కొత్త జత కావాలని ఎవరొచ్చినా, అత్త కళ్ళద్దాలు దించి, "తాతా, ఈయనకి ఒక పొర ఎక్కువ" అని కుర్చీలోంచే కేకేసేది. ఈ పద్ధతి అత్తకీ ఐదు బల్లలకీ తప్ప ఎవరికీ తెలీదు. పాత యజమానికి తెలుసు, ఆయన పోయాడు. చిన్నాయనకి, అంటే ఇప్పటి యజమానికి, ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆ సోమవారం పొద్దున చిన్నాయన ఒక మనిషిని వెంటేసుకుని మెట్లెక్కాడు. ఇస్త్రీ నలగని చొక్కా, భుజాన ల్యాప్‌టాప్ సంచి. మన కంప్యూటరు ముసలిదైపోయింది, రేపో మాపో కన్నుమూస్తుంది, అది పోయేలోపు లెక్కా డొక్కా అంతా క్లౌడ్‌లోకి ఎక్కించేస్తాడట ఈయన. మేం అప్పటికప్పుడు మబ్బులాయన అని పేరు పెట్టేశాం. పాపం, మంచివాడే. వచ్చీ రాగానే నా బల్ల దగ్గర ఆగి బూటు చేతిలోకి తీసుకుని "అబ్బ, ఏం మెరుపండీ" అన్నాడు. మనిషికి కళ్ళున్నాయని అప్పుడే అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆయన యంత్రం మా ఫైళ్ళన్నీ నెమరేసి లెక్క తేల్చింది.

"సార్, మొత్తం ఆరువేల నాలుగొందల ఫైళ్ళు. అందులో ఐదువేల మూడొందలు డూప్లికేట్లు" అన్నాడు మబ్బులాయన.

"డూప్లికేట్లంటే?"

"అచ్చు గుద్దినట్టు ఒకటే. పేరొక్కటే కాదు, లోపలి అక్షరం అక్షరం ఒకటే. తీసేస్తే పదకొండు వందలు మిగుల్తాయి. ఇల్లు మారేముందు చెత్త ఊడ్చుకోవాలి కదా సార్."

చిన్నాయన మొహం వెలిగిపోయింది. "అత్తా! ఇరవై రెండేళ్ళుగా మీరు చెత్తకి కాపలా కాస్తున్నారన్నమాట!"

కుట్టు బల్ల మీద మెషిను ఆగింది. తాత సుత్తి గాల్లో ఆగింది. అత్త మాత్రం కదల్లేదు.

మబ్బులాయన ఒక కాగితం తెచ్చి ముందు పెట్టాడు. రికార్డులు చూసే మనిషి సంతకం లేకుండా వాళ్ళ కంపెనీ ఏదీ చెరపదట. అందులో ఒకటే వాక్యం, "ఈ పనికిరాని నకళ్ళను శాశ్వతంగా తొలగించడానికి నాకు అభ్యంతరం లేదు." కింద చుక్కల గీత.

అత్త కాగితం చదివింది. మడిచింది. తన గ్లాసు ఎత్తి దాని కింద పెట్టుకుంది.

"నాకు అభ్యంతరం ఉంది" అంది.

"మేడం, రెండూ ఒకటే ఫైలు, నేను చూపిస్తాను..."

"నాయనా, కవలపిల్లలు ఒకేలా ఉన్నారని ఒకడికి అన్నం పెడితే రెండోవాడి కడుపు నిండుతుందా? లోపల ఏముందో నీ యంత్రం చూసింది. ఎక్కడుందో చూళ్ళేదు." పద్ధతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పిందని ఒప్పుకోను గానీ, తక్కువేం చెప్పలేదు.

మబ్బులాయన శ్రద్ధగా విన్నాడు. "ఇదంతా ఎక్కడైనా రాసుందా మేడం?"

అత్త కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "లేదు. రాయాల్సింది. రాయలేదు. అది నా తప్పే."

చిన్నాయనకి ఆ ఒక్క ముక్క చాలు. "చూశారా! రాసిలేనిది ఉన్నట్టా లేనట్టా? వచ్చే సోమవారం పన్నెండింటికల్లా సంతకం కావాలి మేడం. లేకపోతే..." అని ఆగి, గోడకేసి చూస్తూ పూర్తి చేశాడు. "రికార్డులకి వేరే మనిషిని పెట్టి, ఆ మనిషి చేత పెట్టించుకుంటాను."

మేడం అన్నాడని మీరు గమనించే ఉంటారు.

"అలాగే బాబూ. వచ్చే మనిషికి దిండు కూడా కావాలేమో, నాది మాత్రం ఇవ్వను" అంది అత్త.

ఆయన వెళ్ళాక కటింగ్ మాస్టరు కుర్చీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎందుకత్తా ఈ వయసులో? ఒక గీత గీకి పడెయ్. ఎవరికైనా కుదరకపోతే తిరిగొస్తారు, అప్పుడు చూసుకుందాం."

"ఒక్కొక్కరూ మూడేసి సార్లు మెట్లెక్కితే గానీ కుదిరిన బూట్లు అవి. మళ్ళీ మూడుసార్లు ఎక్కించమంటావా? కుంటికాళ్ళతోనా? ఆ ఇనప మెట్లు నువ్వు ఒంటికాలి మీద ఎక్కి చూపించు, సంతకం పెడతాను."

"ఏదో నీ మంచికోరి..."

"నీ కత్తెర నేనడగను. నా పెన్ను నువ్వడక్కు."

మాస్టరు తోక ముడిచాడు. నేను వెనక నుంచి కుంటుతూ చూపిస్తే అందరూ నవ్వారు, అత్త తప్ప.

మంగళవారం కండక్టరమ్మ వచ్చింది. సిటీ బస్సులో టికెట్లు కొట్టే మనిషి, ఎడమ కాలు పొట్టి. పాత జత అరిగిపోయింది, కొత్త జత కావాలంది. చిన్నాయన అప్పుడే అటు పోతూ ఆమె విప్పిన పాత బూటు పైకెత్తాడు.

"ఇదిగో అత్తా, పాత బూటే సాక్ష్యం. అడుగులో ఎన్ని పొరలున్నాయో చూసి అన్నే వేస్తే సరి! దీనికి ఫైళ్ళెందుకు?"

"సరే బాబూ, లెక్కపెట్టు."

ఆయన వెలుతురుకి పట్టి చూశాడు. "రెండు."

అడుగు బల్ల తాత లాక్కుని చూశాడు. "నాలుగు."

కటింగ్ మాస్టరు చూసి ఒకటన్నాడు. మూడేళ్ళు వానలో తడిసి, బస్సులో తొక్కుడు తిని, పొరలన్నీ కలిసి రాయైపోయాయి. నేనైతే ఏడు అన్నాను, ఎవరూ అడక్కపోయినా.

"బూటు నాకివ్వండయ్యా, మళ్ళీ డ్యూటీకి పోవాలి" అంది కండక్టరమ్మ.

చిన్నాయన బూటు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడు అత్త దిండు మీద నుంచి లేచింది. అవును, కుర్చీలోంచి లేవలేదని మొదట్లో అన్నాను. కాళ్ళు తెగకుండా ఆపడానికి లేవలేదు, ఇది వేరే లెక్క. ఐదు బల్లల దగ్గరికీ వెళ్ళి ఒకే మాట చెప్పింది. "కుడి బూటు ఒకటి చెయ్యండి. ఎడమవి రెండు. ఒకటి ఆ మబ్బులాయన ఊడ్చి ఇచ్చిన జాబితా ప్రకారం. రెండోది నా ఫోల్డర్ల ప్రకారం."

"యజమాని అడిగితే?" అన్నాడు తాత.

"నా పేరు చెప్పండి. పోయేది నా కుర్చీయేగా."

ఆదివారం నేను అత్తావాళ్ళింటికి వెళ్ళాను. మామయ్య గడియారాలు బాగుచేస్తాడు. వీధి చివర అలమారంత కొట్టు, ఇంట్లో కూడా కంటికి భూతద్దం పెట్టుకునే ఉంటాడు. సంవత్సరానికి పాతిక మాటలు మాట్లాడితే గొప్ప, అందులో పది "ఊఁ" లే. అత్త కూర తరుగుతూ వారమంతా జరిగింది చెప్తోంది.

"సంతకం పెట్టకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందే" అంది చివరికి.

"ఊఁ" అన్నాడు మామయ్య.

"ఏమిటా ఊఁ? పెట్టమనా, వద్దనా?"

ఆయన లేచి, గోడకి తగిలించిన ఆమె చేతిసంచి తెరిచి, లోపలున్న పెన్ను తీసి, తన పనిముట్ల డబ్బాలో వేసి మూత పెట్టేశాడు. మళ్ళీ వచ్చి గడియారం ముందు కూర్చున్నాడు. ఇంతకన్నా పెద్ద ఉపన్యాసం ఆయన జన్మలో ఇవ్వలేదు. అత్త కత్తిపీట మీద నుంచి కళ్ళెత్తకుండా ముసిముసిగా నవ్వింది.

సోమవారం పదకొండున్నరకి చిన్నాయన, మబ్బులాయన దిగారు. గ్లాసు కింద వారం రోజులున్న కాగితం మీద గుండ్రంగా మరక పడింది.

"సంతకం, మేడం."

అత్త సంచి తెరిచి అందరికీ కనపడేలా బోర్లించింది. కళ్ళద్దాల డబ్బా, చేతిరుమాలు, తాళాలు. "పెన్ను లేదు బాబూ."

"నాది తీసుకోండి."

"ఇంకొకళ్ళ పెన్నుతో నేను సంతకం పెట్టను."

చిన్నాయన చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచేలోపు మెట్ల మీద ఠంగు ఠంగుమని అడుగులు. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. కండక్టరమ్మ.

నేను రెండు ఎడమ బూట్లూ పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాను. రెంటికీ ఒకే మెరుపు. అందులో నా నిజాయితీని ఎవడూ వేలెత్తి చూపలేడు. ఏది ఏదో ఆమెకి చెప్పలేదు.

మొదటిది తొడుక్కుంది. కొలత బల్ల దాటింది, కటింగ్ బల్ల దగ్గరికొచ్చేసరికి చెయ్యి బల్ల మీద పడింది. కుట్టు బల్ల దగ్గర ఆగి తుంటి పట్టుకుంది. "ఇది నాది కాదండీ" అని విప్పేసింది.

రెండోది తొడుక్కుంది. ఐదు బల్లలూ దాటింది. నా బల్ల దగ్గర వెనక్కి తిరిగి, బస్సు మలుపు తిరిగినప్పుడు నిలబడ్డట్టు, ఏదీ పట్టుకోకుండా, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడింది. లేని టికెట్టు చింపి చిన్నాయన చేతిలో పెట్టినట్టు చెయ్యి చాచింది.

"ఇది నాది. అదెవరిదో వాళ్ళకిచ్చెయ్యండి."

అత్త మబ్బులాయనకేసి చూసింది. "నీ జాబితాలో ఈమెకి ఒక్క ఫైలే మిగిలింది. నా అడుగు బల్ల ఫోల్డర్లో మూడు కాపీలు ఎక్కువున్నాయి. ఆ మూడే ఈ రెండో బూటులో ఉన్నాయి. లోపల అక్షరం తేడా లేదని నువ్వన్నావు, నిజమే. ఇప్పుడు చెప్పు, చెత్తేనా?"

మబ్బులాయన తల గోక్కున్నాడు. దాచుకోకుండా అడిగాడు, నాకది నచ్చింది. "మేడం, ఆ ఐదువేల మూడొందలూ ఇలాంటివేనా?"

"కాదు. బల్ల దాటినప్పుడల్లా పడ్డవి చాలా ఉన్నాయి, బూటు వెళ్ళిపోయాక వాటితో పన్లేదు. తిరిగొచ్చినవాళ్ళవే కావాలి. ఏవి ఉండాలో, ఏవి పోవాలో నేను చెప్తాను. నీ యంత్రం కాదు."

"అయితే ఒక పని చేద్దాం. డాక్టరు కొలతని ముట్టుకోకుండా, ప్రతి మనిషికీ పక్కన ఒక గడి పెడతాను. ఎన్ని పొరలు, ఎక్కడ వదులు, అన్నీ అందులో రాయండి. రాసిన తర్వాతే కాపీలు తీద్దాం. మీరు లేని రోజు కూడా తాతకి తెలుస్తుంది."

అత్త ఆలోచించింది. "ఆ మాట మొదటి రోజే అనుంటే తోలు మిగిలేది" అంది.

చిన్నాయన ఇంకా మొదటి బూటు చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. "నాన్నకి ఇదంతా తెలుసా?"

"తెలుసు బాబూ. నువ్వు నా ఒళ్ళో కూర్చుని బిస్కెట్టు తింటున్నప్పుడే పెట్టాం ఈ పద్ధతి."

ఆయన ఆ బూటు కింద పెట్టి "సరే అత్తా" అన్నాడు. తాత సుత్తి మళ్ళీ మొదలైంది.

పదకొండు రోజులు అత్త ఫోల్డర్లు తిరగేసింది. నేను మధ్యమధ్యలో వెళ్ళి తొంగిచూసేవాణ్ణి. చిన్నాయన పాప పుట్టినరోజు ఫొటో నలభై చోట్ల దొరికింది. మబ్బులాయన యంత్రం దాన్ని వదిలేసింది. ప్రతిసారీ ఎవరో కాస్త కత్తిరించి పెట్టారు కాబట్టి అవి డూప్లికేట్లు కావట. అచ్చంగా ఒకేలా ఉన్నవి చెత్త, చెత్తంతా భద్రం! నా ఫొటోలు కూడా పద్నాలుగు దొరికాయి. వాటిని మాత్రం క్లౌడ్‌లో పెట్టాల్సిందేనని నేను పోరాడాను. అత్త వినలేదు.

పన్నెండో రోజు మబ్బులాయన మళ్ళీ కాగితం తెచ్చాడు. అత్త సంచిలోంచి పెన్ను తీసింది. పొద్దున్నే మామయ్య దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేశాడు, సిరా కూడా నింపి. కాగితం చదివి, "పనికిరాని" అన్న మాట మీద అడ్డంగా గీత గీసి వెనక్కిచ్చేసింది.

"అది ఫార్మాట్ మేడం, మార్చడానికి లేదు."

"మార్చే దాకా నేనూ ఇక్కడే ఉంటాను. దిండు కూడా ఉంది."

మధ్యాహ్నానికి కొత్త కాగితం వచ్చింది. అందులో "పని పూర్తయిన నకళ్ళను" అని ఉంది. అప్పుడు సంతకం పెట్టింది. గీత కొట్టిన పాత కాగితం ఇప్పటికీ ఆమె గ్లాసు కిందే ఉంటుంది.

ఇదంతా రాసి నిన్న అత్తకి చదివి వినిపించాను. పదకొండు వేల కాళ్ళ దగ్గర మెచ్చుకుంటుందనుకున్నాను. కొత్త గడుల్లో అంకెలు వేసుకుంటూనే చివరిదాకా వింది. తర్వాత కళ్ళద్దాలు ముక్కు మీదకి దించింది.

"పదకొండు వేల కాళ్ళు కాదురా, నాలుగొందల పన్నెండు మంది. తెగేవీ కావు, బూటు కరిచేది, అంతే. మొదట నాలుగొందల పద్దెనిమిదనుకున్నాను. అందులో ఆరు నేనే పొరపాటున రెండుసార్లు వేసిన కాపీలు. ఆ ఆరుగురికీ తర్వాతి జతలో అక్కర్లేని పొర పడింది, ఫోన్ చేసి రమ్మన్నాను, రేపొస్తారు. టీ కూడా కాదు. వేణ్ణీళ్ళు."